నేరేడు పండు రంగు కోసం: ఒక ఇంకు డైరీ

జూన్ 8

బీరువా పైఅరలోంచి అమ్మ పాటల పుస్తకం దింపాం. మాఘమాసంలో మా అన్నయ్య కూతురి పెళ్లి. నలుగు పాట, తలుపు దగ్గర పాట, బంతులాట పాట, వియ్యపురాళ్లని ఆటపట్టించే పాటలు, అప్పగింతలు, మంగళహారతులు అన్నీ కలిపి 63 ఉన్నాయి అందులో. అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో, 1978లో, మా నానమ్మ పాడుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నవి. వీటిలో కొన్ని అచ్చులో దొరుకుతాయేమో గానీ, మా ఇంటి వరసలో, మా ఇంటి మాటతో ఇంకెక్కడా లేవు.

పుస్తకం పరిస్థితి బాలేదు. కాగితం అంచులు గోధుమరంగుకి తిరిగి, వేలు తగిలితే అప్పడంలా విరుగుతున్నాయి. జిరాక్స్ తీయిస్తే పోలా అన్నాడు అన్నయ్య. తీయించాం. ఊదా ఇంకు వెలిసిన చోట సగం అక్షరాలు రానేలేదు. మరకలు మాత్రం నల్లగా భేషుగ్గా వచ్చాయి. ఫోన్‌తో ఫొటోలు తీసి దాచాను గానీ, పెళ్లిలో నలుగురు ఆడవాళ్లు ఒకేసారి తొంగి చూసి పాడటానికి ఫోన్ పనికిరాదు. పుస్తకమే కావాలి.

కాబట్టి తిరగరాస్తాను, చేత్తోనే. పెన్నుల పిచ్చి, ఇంకుల పిచ్చి నాకు పదేళ్ల నుంచి ఉన్నాయి. ఇన్నాళ్లకి వాటికో పని తగిలింది.

రంగు దగ్గర మాత్రం నాది మొండిపట్టు. ఆ పుస్తకం మధ్య పేజీల్లో, వెలుతురు తగలని చోట, ఇంకు ఇప్పటికీ నిగనిగలాడుతోంది. నేరేడు పండు తిని నాలుక చాపితే కనబడే రంగు. అమ్మ అప్పట్లో కొట్లో దొరికే ఇంకు బిళ్లలు తెచ్చి నీళ్లలో కరిగించుకునేదట. "ఒక బిళ్ల వెయ్యమంటే రెండు వేసేదాన్ని. మీ నాన్న తిట్టేవారు" అంది. అదీ ఆ చిక్కదనం రహస్యం.

రాత్రి భూతద్దం పెట్టి పేజీలు ఒక్కొక్కటే చూశాను. మొదటి పేజీ, చివరి పేజీ వెలిసి పాలిపోయాయి. మధ్యలో వెలవడం లేదు. కానీ నీటి చుక్క పడిన ప్రతిచోటా అక్షరాలు కరిగి ఊదా మబ్బులయ్యాయి. నలుగు పాట పేజీ మీద అయితే పసుపు వేలిముద్ర, దాని చుట్టూ రెండు లైన్లు మాయం. అంటే ఈ పుస్తకాన్ని పాడుచేసింది ఎండ కాదు, తడి చేతులు. ఈ సంగతి ముందే రాసి పెట్టుకుంటున్నాను. రంగు మోజులో పడి మర్చిపోయే రకాన్ని నేను.

జూన్ 15

అసలు నేరేడు పండుతోనే ఇంకు చేస్తే? పెరటి చెట్టు కింద రోజూ చాపంతా రాలుతున్నాయి. పనికిరాదని తెలుసు. అయినా చెయ్యకపోతే నిద్ర పట్టదు.

అరకిలో పండ్లు పిసికి, పలచటి గుడ్డలో వడకట్టి, సగానికి మరిగించాను. వంటింట్లోకి తొంగి చూసి "ఏంటే అది, కషాయమా?" అంది అమ్మ. చల్లారాక ముంచి రాసే పాళీతో గీశాను. తడిగా ఉన్నప్పుడు అద్భుతం. నాకు కావలసిన రంగు అచ్చంగా అదే. ఆరాక లేత ఊదా, మర్నాటికి బూడిద కలిసిన ఊదా.

రసాన్ని మూడు గిన్నెల్లో పోసి ఆడుకున్నాను. నిమ్మరసం పిండితే ఎర్రబడింది. వంట సోడా చిటికెడు వేస్తే నీలం, ఆకుపచ్చ మధ్య ఏదో మురికి రంగులోకి దిగింది. పటిక వేసిన గిన్నె కొంచెం నీలంగా మారి, మిగతా రెండింటి కంటే నిలకడగా ఉంది. నేరేడులో ఉండే ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల గుణం అది. పులుపు తగిలితే ఒక రంగు, క్షారం తగిలితే ఇంకో రంగు. కాగితంలో ఏముంటే ఇంకు అటు తిరుగుతుందన్నమాట. నాలుగో రోజుకి మూడు గిన్నెల మీదా తెల్లటి బూజు. ఇలాంటి రసం ఫౌంటెన్ పెన్నులో పోశామంటే చక్కెరలూ పీచూ కలిసి పాళీ కింద ఫీడ్‌లోని సన్నటి దారిని జామ్‌తో మూసేసినట్టే.

గిన్నెలు తోమించుకున్నందుకు అమ్మకి సారీ చెప్పాను.

జూన్ 29

శాంపిల్స్ వచ్చాయి. తలా 5 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు నాలుగు. ఏకంగా పెద్ద సీసా కొనేసి బాధపడిన రోజులు బోలెడు ఉన్నాయి కాబట్టి, ఇప్పుడు శాంపిల్ చూడకుండా కొనను.

రెండింటి పేర్లు చెప్పను. ఒకటి మన దగ్గరే తయారైన చవక ఊదా, రెండోది మెరుపు కోసం పేరుపడిన విదేశీ ఊదా. మిగతా రెండు జపాన్ పెన్నుల కంపెనీ పైలట్ వాళ్ల ఇరోషిజుకు వరసలోని యమాబుదో, రోరర్ అండ్ క్లింగ్నర్ వాళ్ల స్కాబియోసా.

ఇరోషిజుకు అంటే జపాన్ భాషలో రంగు, చుక్క అనే రెండు మాటల కలయిక. పైలట్ 2007లో మొదలుపెట్టిన వరస ఇది. ప్రతి రంగుకీ అక్కడి చెట్టో, పువ్వో, వానో, వెన్నెలో పేరు. యమాబుదో అంటే కొండ ద్రాక్ష. మనవాళ్లు ఇలాంటి వరస చేస్తే నేరేడు, చిలకపచ్చ, మామిడిచిగురు, నెమలికంఠం అని ఎన్ని పేర్లు పెట్టొచ్చో! పట్టుచీరల కొట్లో ఉన్నన్ని రంగుల పేర్లు ఏ ఇంకు కంపెనీ దగ్గరా లేవు.

స్కాబియోసా కూడా పువ్వు పేరే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1892లో మొదలైన పాత కంపెనీ ఇంకు. కాకపోతే దీని పుట్టుక వేరు. దాని సంగతి తర్వాత.

పరీక్షకి ఇంగ్లీషువాళ్ల గోధుమరంగు నక్క వాక్యం (ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చే "ద క్విక్ బ్రౌన్ ఫాక్స్") మనకి ఎందుకూ పనికిరాదు. తెలుగు అక్షరానికి ఇంకు పెట్టే చిక్కులు వేరు. నేనే ఒక వాక్యం కట్టుకున్నాను:

"జ్యేష్ఠ మాసంలో ఘాటైన ఉక్క, రథం మీద లక్ష్మీదేవికి ఛత్రం, ఫలపుష్పాల బుట్ట."

ఇందులో థ ఉంది. దాని పొట్టలో చుక్క నిలబడాలి. ఇంకు కొంచెం పాకినా చుక్క కరిగి థ కాస్తా ధ అయి కూర్చుంటుంది. ష్ఠ, క్ష్మీ ఉన్నాయి. ఒత్తుల కింద ఒత్తులు, వాటి మధ్య తెల్లటి ఖాళీ మిగలాలి. ఘ, ఛ లాంటి అక్షరాల్లో పాళీ ఒకే చోట రెండు మూడు సార్లు తిరుగుతుంది. ఇంగ్లీషు అక్షరంలో గీత ఎక్కువ, మలుపు తక్కువ. మనది అంతా మలుపే. మలుపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది, నెమ్మదించిన చోట ఇంకు ఎక్కువ దిగుతుంది. అందుకే ఇంగ్లీషు రాతలో ముచ్చటగా కనబడిన ఇంకు తెలుగులో కొన్నిసార్లు ముద్దయిపోతుంది. నెట్‌లో ఎన్ని ఫొటోలు చూసినా ఇది తెలీదు.

పెన్ను: పైలట్ కాకునో, ఫైన్ పాళీ. జపాన్ ఫైన్ మన ఫైన్ కంటే, జర్మన్ ఫైన్ కంటే సన్నం. మన ఒత్తులకి అదే తగినది.

ఫలితం, మామూలు రూళ్ల నోటుబుక్కు మీద:

చవక ఊదా మొదటి అక్షరానికే ఓడిపోయింది. గీత అంచుల్లోంచి సన్నటి వేళ్లు పాకాయి, బొద్దింక మీసాల్లా. రథం రధం అయింది. వెనక పేజీ మీదకి దిగింది కూడా.

మెరుపు ఊదా చూడటానికి మహరాజు. కానీ మర్నాడు ఉదయం వేలితో రుద్దితే ఇంకా వేలికి అంటుకుంది. మా కాకినాడ ఉక్కలో ఇది ఎప్పటికి ఆరుతుందో దేవుడికే తెలియాలి. పాటల పుస్తకం మూసి తెరిచేసరికి ఎదుటి పేజీ మీద అద్దంలో రాతలా అచ్చు పడుతుంది.

యమాబుదో దగ్గర ఊపిరి ఆగింది. పాళీ కాగితం మీద నెయ్యి రాసినట్టు జారింది. రంగు మెజెంటాకీ ఊదాకీ మధ్య, నేరేడు కంటే ఒక చాయ ఎరుపు. తలకట్టు చివర, సున్నా ముగిసే చోట ఇంకు కొంచెం నిలిచి ముదిరింది, మధ్యలో లేతగా ఉంది. అక్షరానికి వెలుగునీడలు వచ్చాయి.

స్కాబియోసా: తడిగా ఉన్నప్పుడు ఊదా, చూస్తుండగానే మసక. పొడిగా నడిచింది. అక్షరాలు మాత్రం సూదితో గీసినట్టు. ష్ఠలో ప్రతి ఖాళీ తెల్లగా మిగిలింది. అందం లేదు గానీ శుభ్రత ఉంది.

నాకు యమాబుదోనే కావాలి. జూన్ 8న రాసుకున్నది చదవకుండానే ఈ మాట రాసేశాను, చూశారా.

జులై 6

కాగితం. ఇంకు గురించి రాసేవాళ్లు దీన్ని ఆఖర్న పెడతారు. ముందు పెట్టాల్సింది.

మూడు రకాలు పెట్టి చూశాను. మామూలు నోటుబుక్కు, 60 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) లోపు ఉంటుందేమో. ప్రింటరుకి వాడే 75 జీఎస్ఎం తెల్లకాగితం. బైండింగ్ చేసే ఆయన దగ్గర తెచ్చిన 100 జీఎస్ఎం నున్నటి లెడ్జరు కాగితం.

ఒకే పెన్ను, ఒకే యమాబుదో, ఒకే పూట. మూడు కాగితాల మీద మూడు రంగులు! నోటుబుక్కు ఇంకుని తాగేసింది. రంగు చదునుగా, వెలిసిన గులాబీలా ఉంది. ప్రింటరు కాగితం మీద కొంచెం నయం, కానీ అంచులు మెత్తబడ్డాయి. లెడ్జరు కాగితం మీద ఇంకు పైనే నిలబడి ఆరింది. ముదురు నేరేడు, గీత చివర్ల ఆకుపచ్చ బంగారు మెరుపు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న జీరంగి రెక్క గుర్తుందా, కాగితాన్ని దీపం వైపు వాలిస్తే అదే మెరుపు. నేనడిగిన రంగు సీసాలో సగమే ఉంది, మిగతా సగం కాగితం దగ్గర ఉంది.

దానికి ఖరీదు కూడా కట్టాలి. ఆరే టైము. గీతలు గీసి, సెకన్లు లెక్కపెడుతూ ఒక్కోదాన్నీ వేలితో తుడిచి చూశాను. నోటుబుక్కు మీద 8 సెకన్లకే ఆరింది. లెడ్జరు మీద 25 దాటింది, వాన పడిన సాయంత్రమైతే 40. రెండు వైపులా రాయాలంటే అద్దుడు కాగితం తప్పదు.

వెనక నీడ సంగతి: 100 జీఎస్ఎంలో లేదు. కాగితం ఖరారు. బైండరు గారితో మాట్లాడి 160 పేజీలకి కోయించాను, దారం కుట్టు. జిగురు బైండింగ్ అయితే పుస్తకం తెరిచి పెట్టినప్పుడు మూసుకుపోతుంది. పాడేవాళ్లకి చేతులు ఖాళీ ఉండవు.

జులై 13

తడి పరీక్ష. ఇక తప్పించుకోలేకపోయాను.

యమాబుదోతో ఒక పేజీ, స్కాబియోసాతో ఒక పేజీ రాసి వారం ఆరనిచ్చాను. ఈరోజు రెండింటి మీదా ఒక్కో చెంచా నీళ్లు పోసి, నిమిషం ఆగి, గుడ్డతో ఒత్తాను. తర్వాత పసుపు ముద్దలో వేలు ముంచి ఒక్కో ముద్ర వేశాను. నలుగు రోజు జరిగేది ఇదే కదా.

యమాబుదో పేజీ హోలీ ఆడినట్టయింది. కింద పాట ఉందని తెలిసినవాళ్లు పోల్చుకోగలరు, కొత్తవాళ్లు చదవలేరు. ఇందులో ఇంకు తప్పు లేదు. రంగుని నీళ్లలో కరిగించి చేసిన ఇంకు మళ్లీ నీళ్లు తగిలితే కరుగుతుంది. అమ్మ బిళ్లల ఇంకు కూడా అంతే కదా. అలా కరిగేది కాబట్టే పెన్ను కడుక్కోవడం కూడా తేలిక.

స్కాబియోసా పేజీలో ఊదా కొంత కారింది. దాని కింద బూడిద నలుపు గీత అలాగే నిలబడి ఉంది. ప్రతి అక్షరం చదవగలిగాను. పసుపు ముద్ర కిందనుంచి కూడా.

ఎందుకంటే ఇది ఐరన్ గాల్ ఇంకు. ఇనప లవణం, చెట్టు వగరు కలిసి చేసే ఇంకు. యూరప్‌లో ఓక్ చెట్టు మీద పురుగు కుట్టిన చోట వచ్చే కాయల్లోంచి ఆ వగరు తీసేవారు, వందల ఏళ్లు దస్తావేజులన్నీ దాంతోనే రాశారు. మనకి ఆ వగరు కరక్కాయలో ఉంది, ఆ ఇనుము అన్నభేదిలో ఉంది. ఇంకా దగ్గరగా చెప్పాలంటే శ్రీకాళహస్తి కలంకారీ. బట్టని కరక్కాయ, పాలల్లో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి పులిసిన ద్రవంలో కలం ముంచి గీస్తారు. గీసేటప్పుడు చప్పగా ఉన్న గీత, బట్టలోని కరక్కాయ తగిలి నల్లబడి, తర్వాత ఉతికినా పోదు. సీసాలో ఉన్నదీ అదే నాటకం. రాసినప్పుడు ఇనుము కరిగి ఉంటుంది. గాలి తగిలి, వగరుతో ముడిపడి, నీళ్లలో కరగని నలుపై కాగితం పీచుకి పట్టుకుంటుంది. మొదట కనబడే ఊదా కేవలం మనం రాస్తున్నది మనకి కనబడటానికి కలిపిన రంగు.

అమ్మకి రెండు పేజీలూ చూపించాను. స్కాబియోసా పేజీ వైపు చూసి "ఇదేంటి, తద్దినం కార్డులా ఉంది" అంది.

అదీ నిజమే. పెళ్లి పాటలు బూడిద ఊదాలో!

జులై 14

రాత్రంతా ఆలోచించాను. రెండూ కలిపితే? కలపకూడదు. ఒక ఇంకు పులుపు, ఇంకోదాని గుణం వేరు. కలిస్తే అడుగున మడ్డి దిగొచ్చు, పెన్ను పూడుకుపోవచ్చు. ఒకే ఫిల్లర్‌తో రెండు సీసాలు ముట్టడం కూడా మానేశాను, దేనిది దానికే.

కలపకుండా పంచితే? పాట స్కాబియోసాలో, పాట పేరు యమాబుదోలో. తడిసి పేరు పోయినా పాట మిగులుతుంది. మొదటి లైను చూస్తే పేరు ఎవరికైనా తెలుస్తుంది.

వెంటనే ఒక పేజీ రాసి, పేరు మీద నీళ్లు పోశాను. గులాబీ ఏరు కిందకి పారి మొదటి నాలుగు లైన్ల మీద పరుచుకుంది. లైన్లు మాత్రం చదవడానికి వస్తున్నాయి. ఫర్వాలేదు. పెళ్లి పుస్తకం మీద గులాబీ మరక పడితే ఎవరూ ఏడవరు.

ఆగస్టు 15

కిటికీ పరీక్ష తీసి చూశాను. జులై 13న రెండు ఇంకులతో గీతలు గీసిన పట్టీని సగం అట్టతో కప్పి, పడమటి కిటికీ అద్దానికి అతికించాను. నెల రోజుల ఎండ, మధ్యలో వానలు.

యమాబుదో: కప్పిన సగం కొత్త చీర, ఎండ తగిలిన సగం పదిసార్లు ఉతికిన చీర. స్కాబియోసా: ఎండలో ఊదా పూర్తిగా పోయి ఉత్త బూడిద నలుపు మిగిలింది, గీత మాత్రం చెదరలేదు. మూసి ఉండే పుస్తకానికి ఇది పెద్ద భయం కాదు, అమ్మ పుస్తకంలో మధ్య పేజీలే సాక్ష్యం. అయినా మొదటి పేజీని పేరు లేకుండా ఖాళీగా వదిలేస్తున్నాను. అది ఎండని మొయ్యడానికి.

ఆగస్టు 24

పేర్లు రాయడానికి నాన్న పెన్ను బయటికి తీశాను.

నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను, రాజమండ్రిలో చేసినది. రాజమండ్రి పెన్నుల కథ మనవాళ్లందరికీ తెలిసిందే. గాంధీజీ స్వదేశీ మాట పట్టుకుని రత్నం గారు 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు, 1935లో గాంధీజీ ఆయన పెన్ను మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఆ పని చేతులు మారుతూ సాగింది. నాన్నది ఏ కొట్టుదో దాని మీద పేరు లేదు. లేత్ మీద చేత్తో తిప్పిన గుర్తులు మాత్రం లోపలి మరల్లో కనబడతాయి. ఇంకు నింపి వచ్చే కార్ట్రిడ్జ్ లేదు, సీసాలోంచి ఇంకు పీల్చుకునే కన్వర్టర్ లేదు. ఫిల్లర్‌తో గొట్టంలోనే ఇంకు పోసుకోవాలి.

పన్నెండేళ్లుగా ఎండిపోయి ఉంది. ఎబొనైట్‌ని వేడినీళ్లలో పెడితే నలుపు పోయి మట్టిరంగుకి తిరుగుతుంది. అందుకని పాళీ ఉన్న ముందుభాగం వరకే చల్లటి నీళ్ల గ్లాసులో రాత్రంతా నిలబెట్టాను. పొద్దున్న గ్లాసు నిండా నీలం. నాన్న చివరిసారి పోసుకున్న రాయల్ బ్లూ. ఆ నీళ్లు పారబొయ్యడానికి కొంచెం సేపు పట్టింది.

నాలుగైదు సార్లు నీళ్లు మార్చి, మరలకి సిలికాన్ గ్రీజు చుక్క రాసి, యమాబుదో పోశాను. రెండున్నర మిల్లీలీటర్ల దాకా పట్టింది. పాళీ మందం, ఇంకు ధార. పేర్లకి సరిగ్గా అలాంటిదే కావాలి. లెడ్జరు కాగితం మీద ఈ పాళీతో రాస్తే యమాబుదోలో ఎరుపు తగ్గి ముదురుతనం పెరిగింది. కాకునోతో కనబడిన రంగు కంటే నేరేడుకి దగ్గరగా వచ్చింది. ఇంకు అదే, కాగితం అదే, పాళీ ఒక్కటే మారింది.

అసలు రాత మొదలు. నలుగు పాట.

సెప్టెంబర్ 9

11 పాటలు అయ్యాయి. 12వ పాట పేరు రాస్తుంటే నాన్న పెన్ను పెద్ద చుక్క కార్చింది. శనగగింజంత. పేజీ మధ్యలో.

తప్పు పెన్నుది కాదు, నాది. ఇలా గొట్టంలో ఇంకు పోసుకునే పెన్నుల్లో ఇంకు మూడో వంతుకి దిగితే పైన అంతా గాలే ఉంటుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకుని కిందకి తోస్తుంది. మధ్యాహ్నం ఫ్యాన్ కూడా లేకుండా, కరెంటు పోయినప్పుడు, పిడికిలి బిగించి రాస్తే ఇంకేమవుతుంది? నాన్న ఎప్పుడూ ఆఫీసుకి వెళ్లేముందు పెన్ను నిండా పోసుకునేవారు. అది అలవాటు అనుకున్నాను, కారణం ఇప్పుడు తెలిసింది.

ఆ పేజీ వెనక 11వ పాట పూర్తయి ఉంది. రెండు పేజీలూ మళ్లీ రాశాను. కుట్టు విప్పకుండా పేజీ కోసి, సన్నటి అంచు వదిలి, కొత్త కాగితం దానికి అతికించాను. వెతికి చూస్తే తెలుస్తుంది.

ఇకమీదట సగం అవగానే నింపేస్తున్నాను. ఒక్కో పూటా నాలుగు పేర్లకి మించి రాయను.

సెప్టెంబర్ 28

స్కాబియోసాతో రోజూ కాపురం చేశాక మనసు మారింది. దీన్ని తొందరపడి మసక అన్నాను. రాసిన గంటలో ఊదా. మర్నాటికి ముదురు. వారానికి బూడిద కలిసిన ముదురు ఊదా. పండిన నేరేడు పండు మీద బూడిద పూసినట్టు ఒక పొర ఉంటుంది కదా, తుడిస్తే పోయేది, ఆ చాయ. ఒక పుస్తకంలో ఈరోజు రాసిన పేజీ, నిన్నటి పేజీ, పోయిన నెల పేజీ పక్కపక్కన తిప్పుతుంటే మూడు రంగులు. అన్నీ చివరికి ఒక రంగుకే చేరతాయి, కానీ ఇప్పటికైతే పుస్తకం పండుతూ ఉన్నట్టుంది.

పొడి ఇంకు కాబట్టి చెయ్యి నొక్కుతున్నాను. రెండు పాటలయ్యేసరికి బొటనవేలు నొప్పి. కాకునో పాళీని విప్పి రెండు రేకుల మధ్య కొంచెం వదులు చెయ్యొచ్చు, చేశాను కూడా, వెంట్రుకవాసి. ధార పెరిగింది. థలో చుక్క ఇంకా బతికే ఉంది.

లెక్క: కాకునో కన్వర్టర్‌లో 0.4 మిల్లీలీటర్లు పడుతుంది. ఒకసారి నింపితే ఐదారు పేజీలు వస్తున్నాయి. మొత్తం 63 పాటలకీ పది మిల్లీలీటర్లు దాటదు. నేను కొన్నది 50 మిల్లీలీటర్ల సీసా. యమాబుదో కూడా 50. ఆ సీసా అడుగున చివరి చుక్కల కోసం చిన్న గుంట చేసి పెట్టారు పైలట్ వాళ్లు. నేను ఆ గుంట దాకా వెళ్లేసరికి మనవరాళ్ల పెళ్లిళ్లు అయిపోతాయి.

పెన్ను కడగడం: ఐరన్ గాల్ ఇంకు పెన్నులో ఎండిపోకూడదు. ఆమ్లం, పైగా ఎండితే అదే కరగని నలుపు ఫీడ్‌లోనూ తయారవుతుంది. పదిహేను రోజులకి ఒకసారి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతున్నాను. నాన్న పెన్నులో దీన్ని పొయ్యను, ఆ పాత స్టీలు పాళీకి అంత పరీక్ష వద్దు.

అక్టోబర్ 19

41 పాటలు. ఇంకా 22.

వేగం తగ్గింది. కారణం ఇంకు కాదు, అమ్మ. పక్కన కూర్చుని చదివిస్తోంది, చదివిస్తూ పాడుతోంది. పాడుతుంటే పుస్తకంలో లేని చరణాలు వస్తున్నాయి. "ఇది రాయలేదా నేను? అప్పుడు తొందరలో వదిలేసుంటాను" అంటుంది. రెండు పాటలకి కిందన ఖాళీ లేక చీటీలు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి పాట తర్వాత అరపేజీ వదులుతున్నాను. 160 పేజీలు చాలవేమోనని టెన్షన్ మొదలైంది.

ఈ పొద్దున్న తులసికోటకి నీళ్లు పోసి వచ్చి, చెయ్యి కొంగుకి సరిగ్గా తుడుచుకోకుండానే పుస్తకం తెరిచింది. నేను అరిచేలోపు అప్పగింతల పాట పేరు మీద వేలు పెట్టి, లైను వెంట జరుపుకుంటూ పోయింది. పేరు కరిగి వేలికి అంటుకుంది. పాట అలాగే ఉంది.

వేలు వెలుతురులో పెట్టి చూసుకుంది. "నేరేడు పండు తిన్నట్టుందే" అంది.

ఆ రంగే. నాలుగు నెలలుగా కాగితం మీద వెతుకుతున్న రంగు సరిగ్గా అదే, అమ్మ చూపుడువేలి మీద. ఫొటో తీద్దామని ఫోన్ తెచ్చేలోపు కడిగేసుకుంది.

ఆ పాట పేరు మళ్లీ రాయాలి. నాన్న పెన్నులో ఇంకు సగానికి వచ్చింది, ముందు నింపాలి.